తిన్నది ఒంటబట్టవలెనన్న

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశము జరిగినప్పుడెల్ల మీ ముందునకు వచ్చు విషయములు నాకు తెలియనివి కావు. వీధి దీపము వెలుగుట లేదు. మురుగు కాలువ పూడిపోయినది. మంచినీటి గొట్టము పగిలినది. ఇంటి పన్ను వసూలు కాలేదు. ఇవి యన్నియు కంటికి కనబడునవి, లెక్కకు వచ్చునవి. ఈ దినమున నేను ప్రస్తావింపబోవు విషయము పంచాయతీ లెక్కల పుస్తకములో ఏ పద్దు క్రిందను కానరాదు. అది మన గ్రామములలో పదేండ్లు మొదలు పందొమ్మిదేండ్ల వరకు వయసు గల బాలబాలికల శరీర పుష్టిని గూర్చినది. వారు ఏమి తినుచున్నారు? తిన్నదానిని ఎంత శ్రమతో అరిగించుకొనుచున్నారు? ఈ రెంటికిని గల లంకె యేమి? అందు పంచాయతీ చేయదగిన పని యేమి? ఈ నాలుగు మాటలను మీకు మనవి చేయుదును.

"ఇది తల్లిదండ్రుల పని, పంతుళ్ల పని, వైద్యుల పని, మాకేమి సంబంధము?" అని మీలో కొందరికి తోచవచ్చును. 1993వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. విద్య, ఆరోగ్యము, పారిశుద్ధ్యము, స్త్రీ శిశు సంక్షేమము అందులో చేరియున్నవి. అదియు నట్లుండనిండు. పిల్లలు ఆడుకొను స్థలము ఎవరి అధీనములో నున్నది? బడి దారిలో దీపము వేయించువారెవరు? బడి వాకిట అంగడి పెట్టినవానితో మాట్లాడగలవారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము మీరే.

మారిన గ్రామము

ఒక తరము వెనుక పల్లెటూరి పిల్లలకు వ్యాయామము నేర్పవలసిన అవసరము లేకుండెను. బావినుండి నీరు తోడి మోసికొని వచ్చుట, పశువులను మేపుట, గడ్డి కోయుట, నాట్లకు కలుపుతీతకు పోవుట, రెండు మూడు మైళ్లు నడచి బడికి పోవుట, ఇవి యన్నియు దినచర్యలో కలిసియుండెను. ఆ కష్టము తిరిగి రావలెనని కోరుట న్యాయము కాదు. పుస్తకము పట్టవలసిన చేతితో కొడవలి పట్టించిన కాలమును తలచి మురియవలసిన పని లేదు. ఇంటిలోనికి కుళాయి వచ్చినది. పొలములోనికి ట్రాక్టరు, వరికోత యంత్రము వచ్చినవి. బడికి బస్సో ఆటోయో వచ్చినది. ఇవి మంచివే. మీవంటివారి కృషి వలననే ఇవి గ్రామమునకు చేరినవి.

కాని పోయిన కష్టముతోపాటు శరీరమునకు అవసరమైన కదలికయు పోయినది. సాయంత్రము బడినుండి వచ్చిన బాలుడు అరుగుమీద కూర్చుండి సెల్‌ఫోను చేతబట్టును. ప్రక్కన ఒక పొట్లము విప్పియుండును. కన్ను ఫోనులో నుండగా చేయి పొట్లములో నుండును. ఎంత తిన్నదియు వానికి తెలియదు. "తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు" అని మన పెద్దలు సోమరిని పరిహసించిరి. నేటి బాలుని అట్లు పరిహసించుట తగదు. వానికి పని లేకుండ చేసినది మనము. ఆడుకొనుటకు చోటు లేకుండ చేసినదియు మనమే. "కూర్చుండి తిన్న కొండలైనను కరగును" అని మరియొక సామెత కలదు. నేడు కూర్చుండి తినువాని ఆస్తి కరగుట యటుండ, వాని యొంటిమీదనే కొండ పెరుగుచున్నది.

పూర్వము అడుగకయే వచ్చిన శ్రమ ఇప్పుడు ఏర్పాటు చేసిననే గాని రాదు. నేను చెప్పదలచిన దానిలో ముఖ్యమైన మాట ఇదియే.

శ్రమకును ఆకలికిని గల లంకె

"పని తగ్గిన ఆకలియు తగ్గును గదా, అప్పుడు తిండియు తగ్గును, ఇక చింత యేల?" అని అడుగవచ్చును. శరీరము అట్లు నడచుకొనదు. దీనికి మన దేశములోనే జరిగిన ఒక పరిశీలన కలదు. జాన్ మేయర్ అను పోషకాహార శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి పశ్చిమ బెంగాలులోని ఒక జనపనార మిల్లులో 213 మంది పురుషులు తిను తిండిని, చేయు పనిని, వారి శరీర భారమును లెక్కగట్టెను. ఆ ఫలితములు 1956లో ప్రచురితమైనవి. అందు బరువులు మోయు కూలీలు ఉండిరి, యంత్రముల వద్ద పనిచేయువారు ఉండిరి, గుమాస్తాలు ఉండిరి, రోజంతయు కదలక అంగడిలో కూర్చుండు వర్తకులును ఉండిరి.

తేలిన దేమన: పనిచేయువారిలో పని పెరిగిన కొలదియు తిండి పెరిగినది, బరువు మాత్రము నిలకడగా నున్నది. అనగా వారి ఆకలి వారి శ్రమను సరిగా కొలిచి అడిగినది. కాని కూర్చుండువారి విషయము వేరు. వారు తక్కువ తినలేదు. అంగడిలో కూర్చుండు వర్తకుడు బరువులు మోయు కూలీతో సమానముగా తినెను. వాని శరీర భారమో కూలీకంటె చాల ఎక్కువగా నుండెను. త్రాసు ముల్లు తుప్పు పట్టిన ఎంత తూచినను సరిగా చూపదు. ఆకలియు నట్టిదే. కొంతపాటి కదలిక ఉన్ననే అది సరిగా తూచును.

ఆ పరిశీలన పెద్దవారిని గూర్చినది. ఎదుగు వయసువారికి తిండి అవసరము మరింత హెచ్చుగా నుండును గనుక వారి తిండికి కత్తెర వేయుమని దీని అర్థము గాదు. వారికి కదలిక కల్పింపుడని దీని అర్థము. కదలిన కండ రక్తములోని చక్కెరను గ్రహించి ఖర్చు చేయును. కదలని కండ ఆ పనిని సరిగా చేయదు. మిగిలిన శక్తి క్రొవ్వుగా నిలువయగును. ఎముకయు అంతే. గెంతుట, పరుగెత్తుట, బరువెత్తుట అను ఒత్తిడి తగిలినప్పుడే తిన్న ఆహారములోని కాల్షియము ఎముకలో గట్టిగా చేరును. జీవితమంతయు మోయవలసిన ఎముక బలములో అధిక భాగము ఇరువదేండ్ల లోపుననే కూడును. ఆ వయసు దాటిన పిమ్మట ఎంత పాలు పోసినను, ఎంత రాగిజావ త్రాగించినను పోయిన అదను తిరిగి రాదు. అదను తప్పిన సేద్యము సంగతి మీకు నేను చెప్పవలెనా?

ఈ అశ్రద్ధ ఫలమును మనము ఇప్పటికే చూచుచున్నాము. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రచురితమైన సర్వే దేశమున 10 కోట్లకు పైగా మధుమేహ రోగులు కలరని, మరి 13 కోట్లకు పైగా జనులు ఆ వ్యాధి అంచున నున్నారని అంచనా కట్టినది. ఒకప్పుడు పట్టణములలోని ధనికుల వ్యాధి యని పేరుపడిన చక్కెర వ్యాధి ఇప్పుడు పల్లెలకును వచ్చినది. మందుబిళ్లల ఖర్చు ఎంతటిదో ఆ రోగమున్న ఇంటివారిని అడిగిన తెలియును.

ఒకే వీధిలో రెండు లోటులు

ఇంతవరకు చెప్పినది విని, మన పిల్లలందరును తిండి ఎక్కువై చెడుచున్నారని అనుకొనరాదు. 2016 మొదలు 2018 వరకు కేంద్ర ప్రభుత్వము జరిపిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారము, దేశములో పదేండ్లు మొదలు పందొమ్మిదేండ్ల వరకు గల వారిలో నూటికి 24 మంది వయసుకు తగిన బరువు లేక సన్నబడియుండిరి. అధిక బరువు గలవారు నూటికి 5 గురు. రక్తహీనత గలవారు నూటికి 28 మంది. అందు బాలికలలో 40 మంది, బాలురలో 18 మంది.

ఈ అంకెలను మీ గ్రామములోని ఒక వీధిగా ఊహింపుడు. ఒక ఇంటిలో పొట్లపు చిరుతిండ్లతో లావెక్కిన బాలుడు. ఎదురింటిలో ఉదయము గంజి నీళ్లతో బడికి పోయిన బాలిక. మొదటివానికి పరుగు కావలెను. రెండవ బిడ్డకు ముందు అన్నము కావలెను. ఆకలితో నున్న పిల్లను ఎండలో పరుగెత్తించి, "వ్యాయామము మంచిది" అని బోధించుట క్రూరము.

రక్తహీనత గల బాలికను గూర్చి ప్రత్యేకముగా ఒక మాట. ఇనుము చాలనప్పుడు రక్తము ప్రాణవాయువును చాలినంత మోయలేదు. అప్పుడు రెండు మెట్లు ఎక్కిన ఆయాసము, నాలుగడుగులు పరుగెత్తిన కండ్లు తిరుగుట కలుగును. ఇంటిలో ఆమెకు "బద్ధకస్థురాలు" అని పేరు వచ్చును. ఆమె కూర్చుండిపోవును, ఆకలియు మందగించును, ఆకలి లేక తినదు, తినక మరింత నీరసించును. ఈ చక్రమును ఎక్కడనో ఒకచోట తెంపవలెను. పదేండ్లు మొదలు పందొమ్మిదేండ్ల వరకు గల పిల్లలకు వారమునకు ఒక ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్ర ఇచ్చు కార్యక్రమము 2013 నుండి అమలులోనికి వచ్చినది. బడికి పోని బాలికలకు అంగన్‌వాడీ కేంద్రము ద్వారా ఇది అందవలెను. ఏటికి రెండుమారులు ఫిబ్రవరిలోను ఆగస్టులోను నులిపురుగుల మాత్ర ఇచ్చెదరు. మాత్ర చేరుచున్నదా, చేరినది నోటిలో పడుచున్నదా యని విచారించుట వార్డు సభ్యునికి కష్టమైన పని కాదు.

చిన్ననాటి తిండి ఎంతకాలము నిలుచునో తెలుపు నిదర్శనము మన హైదరాబాదు చెంతనే కలదు. 1987 మొదలు 1990 వరకు నగరమునకు సమీపముననున్న 29 గ్రామములలో ఒక పరిశీలన జరిగెను. వానిలో 15 గ్రామముల గర్భిణులకును, ఆరేండ్ల లోపు పిల్లలకును అదనపు పౌష్టికాహారము అందినది. తక్కిన 14 గ్రామములలో అందలేదు. ఆ పిల్లలు పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వయసు వారైన పిదప 1,165 మందిని మరల పరీక్షించిరి. అదనపు ఆహారము అందిన గ్రామముల పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు ఎదిగిరి. అంతకంటె ముఖ్యముగా, వారి శరీరములో ఇన్సులిన్ మెరుగుగా పనిచేయుచుండెను. రక్తనాళములు తక్కువ బిరుసుగా నుండెను. 2008లో ఈ ఫలితములు వెలువడినవి. అంగన్‌వాడీలో పెట్టిన ముద్ద పదునైదేండ్ల తరువాత గుండెకు కాపు కాయుచున్నదన్న మాట. కావున అంగన్‌వాడీ సరుకు సకాలమున వచ్చుచున్నదా యని అడుగుట చిన్న విషయమని యెంచకుడు.

ఏమి తినవలెను, ఎప్పుడు తినవలెను

మన భోజనములో అన్నము రాశిగా నుండును. పప్పు పలుచగా నుండును. కూర ఆనవాలుకు మాత్రముండును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శక సూత్రములు, దినమంతటి శక్తిలో ధాన్యముల వలన వచ్చునది నూటికి 45 వంతులు మించరాదని చెప్పుచున్నవి. మిగిలినది పప్పుధాన్యములు, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, పాలు, గ్రుడ్లు, మాంసము, గింజలు మున్నగు వాని వలన రావలెను. ఇందుకు పట్టణపు సరుకులు అక్కరలేదు. జొన్నరొట్టె, రాగి సంకటి, సజ్జలు మనవే. తోటకూర, గోంగూర, మునగాకు పెరటిలోనివే. వేరుశనగలు, నువ్వులు, శనగలు, బొబ్బర్లు, ఉలవలు మన పొలములలోనివే. ఆకుకూర, పప్పులలోని ఇనుము ఒంటబట్టుటకు నిమ్మ, జామ, ఉసిరి తోడ్పడును. భోజనము వెంటనే త్రాగిన టీ దానిని అడ్డగించును. పిల్లలకు అన్నముతోపాటు టీ పోయు అలవాటును తల్లులు మానవలెను.

బడి మధ్యాహ్న భోజనమునకు కేంద్ర ప్రభుత్వ నియమము ప్రకారము ప్రాథమిక తరగతుల బిడ్డకు 450 కేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు, ఆపై ఎనిమిదవ తరగతి వరకు 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు ఉండవలెను. ఇది దినమునకు కావలసిన దానిలో ఒక భాగమే. ఉదయము తినకుండ వచ్చిన బిడ్డకు మధ్యాహ్నము వరకు కడుపు కాలుచునే యుండును. అట్టి బిడ్డ పాఠమును వినదు, ఆటకును లేవదు. రాత్రి మిగిలిన అన్నములో పెరుగు కలిపి ఒక ఉల్లిపాయతో పెట్టినను సరే, ఏదో ఒకటి తినియే బడికి పోవలెనని గ్రామసభలో పెద్దలు చెప్పవలెను.

అన్నిటికంటె మెలకువగా చూడవలసినది సాయంత్రము నాలుగు గంటల వేళ. బడి విడిచినంతనే పిల్లలకు ఆకలి దహించును. ఆ వేళ చేతిలో పెట్టిన పది రూపాయలు ఎక్కడికి పోవుచున్నవి? వంద మిల్లీలీటర్ల తీపి గాలి పానీయములో సుమారు పది గ్రాముల చక్కెర యుండును. మూడువందల మిల్లీలీటర్ల సీసా త్రాగిన ఆరు చెంచాల చక్కెర నోటిలో పోసికొన్నట్లే. పొట్లపు చిప్సులలో నూనె, ఉప్పు తప్ప ఎదుగు బిడ్డకు పనికివచ్చునది స్వల్పము. వాని వలన ఆకలి చచ్చును. రాత్రి భోజనము సహింపదు. అదే పది రూపాయలకు ఉడికించిన వేరుశనగకాయలు, శనగ గుగ్గిళ్లు, ఒక అరటిపండు, ఒక జామకాయ, బెల్లపు పల్లీ ఉండ వచ్చును. వానిలో ఏదో ఒకటి తిని, మంచినీరు త్రాగి, కొంతసేపు ఆగి ఆటకు పోయిన బిడ్డ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తినును, త్వరగా నిద్రించును, ఉదయము ఆకలితో లేచును. ఒకదానికొకటి ఊతగా నిలుచును.

యువకులకు మరియొక హెచ్చరిక. కండలు పెంచు పొడుల డబ్బాలకు వేల రూపాయలు పోయుట పల్లెలకును ప్రాకినది. 2024 మార్గదర్శక సూత్రములు అట్టి పొడులకు దూరముగా నుండుమనియే చెప్పుచున్నవి. పప్పు, గ్రుడ్డు, పాలు, చేపలు చాలును. కండ డబ్బాలో లేదు. చక్కని తిండి తిని చేసిన కసరత్తులో నున్నది.

ఆడపిల్లల సంగతి

ఐదేండ్లు మొదలు పదునేడేండ్ల వరకు గల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములైనను ఊపిరి వేగముగా ఆడునట్లు కదలవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. అది ఒకే విడతగా నుండనక్కరలేదు. బడికి నడచుట, సైకిలు త్రొక్కుట, త్రాడాట, చెడుగుడు, ఖోఖో అన్నియు కలిసియే అరువది నిమిషములు. అయితే ఆ సంస్థ శాస్త్రజ్ఞులు 146 దేశముల సమాచారము చేర్చి చూడగా, 2016లో పదునొకండు మొదలు పదునేడేండ్ల వయసువారిలో నూటికి 81 మందికి ఆ మాత్రపు కదలికయు లేదని తేలెను. బాలురలో 78 మంది. బాలికలలో 85 మంది.

మన గ్రామములలో ఈ తేడా ఎక్కడ మొదలగునో మీకు తెలియును. పదేండ్ల వరకు తొక్కుడుబిళ్ల, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు ఆడిన పిల్ల పెద్దమనిషి అయిన నాటినుండి గడప దాటదు. దాటినను మైదానమువైపు పోదు. "ఆడపిల్లకు పరుగులేమి?" అని ఇంటిలో ఒకరందురు, అరుగుమీది వారు పదిమంది అందురు. మైదానము వద్ద మరుగుదొడ్డి లేదు, దారిలో దీపము లేదు, అచట పెద్దదిక్కు లేదు. తల్లిదండ్రులు వెనుకాడుట సహజమే. "ఇంటి పని చేయుచున్నది గదా, అది చాలదా?" అనువారును కలరు. అంట్లు తోముట, వంట చేయుట పనియే. కాని గుండె, ఊపిరితిత్తులు, ఎముకలు కోరు పరుగు, గెంతు వానిలో రావు. రేపు ఆమె తల్లి కావలసిన బిడ్డ. ఆమె రక్తములోని ఇనుము, ఆమె ఎముకలోని బలము ఆమెతో ఆగిపోవు. పుట్టబోవు బిడ్డకు పెట్టుబడి అవియే.

పల్లెటూరి పిల్లలకు అవకాశము దొరికిన ఏమగునో మనము చూడలేదా? శ్రీకాకుళము జిల్లానుండి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో బరువులెత్తి కాంస్య పతకము గెలిచి, ఒలింపిక్ పతకము సాధించిన తొలి భారతీయ మహిళ యయ్యెను. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు జీవాంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్సులో 400 మీటర్ల పరుగులో కాంస్యము గెలిచెను. ప్రతి పిల్లయు పతకము తేవలసిన పని లేదు. ప్రతి పిల్లకు దినమునకు ఒక గంట కావలెను. ఆ గంటను అడ్డగించు హక్కు ఎవరికిని లేదు.

మైదానము ఎవరిది?

2009 విద్యాహక్కు చట్టము, బడికి ఆటస్థలము ఉండవలెనని తన షెడ్యూలులోనే చెప్పినది. తెలంగాణ ప్రభుత్వము 2022లో గ్రామ గ్రామమున క్రీడా ప్రాంగణములు ఏర్పరచు కార్యక్రమమును ప్రారంభించినది. ఆంధ్రప్రదేశములోను బడి మైదానములు, గ్రామకంఠములోని ఖాళీ స్థలములు పెక్కుచోట్ల కలవు. కాగితముమీద మైదానము కలదు. నేలమీద చూడబోయిన ఒక మూల ఇటుకలు, ఒక మూల గడ్డివాము, నడుమ ట్రాక్టరు, చుట్టును సర్కారు తుమ్మ. గజము గజముగా కంచె ముందుకు జరిగి ఆటస్థలము పెరడైపోయిన గ్రామములును కలవు.

ఇచట మీతో సూటిగా మాటలాడక తప్పదు. ఆ ఇటుకలు పెట్టినవాడు పరాయివాడు కాడు. మన బావమరిదియో, మన వీధివాడో, మనకు ఓటు వేసినవాడో అయియుండును. అందుచేతనే ఎవరును నోరు మెదపరు. ఓటు లేనివారు పిల్లలు. వారి పక్షమున మాటలాడువారు లేనందున వారి స్థలము పోవుచున్నది. పంచాయతీ సభ్యుని ధైర్యమునకు పరీక్ష ఇదియే. హద్దులు కొలిపించి రాళ్లు పాతించి, పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో ఆ స్థలమును ఆటస్థలముగా వ్రాయింపుడు. ధాన్యము ఆరబోయుటకు రైతునకును చోటు కావలెను. కోతల కాలములో అందుకు వేరు చోటు చూపుడు, లేదా మైదానములో సగము విడిచి పెట్టుమని ముందుగనే మాట తీసికొనుడు. తగవు లేకుండ సాధింపదగిన పని తగవుతో చేయనక్కరలేదు.

మైదానమునకు గొప్ప ఖర్చు లేదు. గుంటలు పూడ్చుట, ముళ్లు తీయుట, నాలుగు వేప, కానుగ మొక్కలు నాటుట, ఒక కుళాయి, ఒక దీపము, ఒక మరుగుదొడ్డి. చెడుగుడుకు గీత చాలును. ఖోఖోకు రెండు గుంజలు చాలును. వేసవిలో మాత్రము ఉదయము ఎనిమిదికి ముందు, సాయంత్రము ఐదు దాటిన పిదపనే ఆటలు సాగవలెను. వడదెబ్బ తగిలిన ఆట చేసిన మేలు పోవును.

బడి వాకిలి

బడి ఆవరణలోను, బడి గేటునకు 50 మీటర్ల లోపునను అధికముగా క్రొవ్వు, ఉప్పు, చక్కెర గల తినుబండారములను పిల్లలకు అమ్మరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నిబంధనలు చేసినది. ఈ సంగతి అంగడివానికి తెలియకపోవచ్చును, ప్రధానోపాధ్యాయునికే తెలియకపోవచ్చును. అంగడి తీసివేయుమని ఒక పేదవాని పొట్ట కొట్టనక్కరలేదు. పొట్లముల స్థానమున గుగ్గిళ్లు, అరటిపండ్లు, మజ్జిగ, ఉడికించిన మొక్కజొన్న అమ్ముమని నచ్చచెప్పుడు. మహిళా సంఘమువారు పల్లీ ఉండలు, నువ్వుల ఉండలు చేసి ఆ అంగడికే అందించినచో ఇద్దరికిని బ్రతుకుదెరువగును, డబ్బు ఊరిలోనే నిలుచును.

"ఆటలతో చదువు చెడును" అని భయపడు తల్లిదండ్రులకు ఒక మాట చెప్పుడు. చదువునకు శత్రువు ఆట కాదు. ఖాళీ కడుపు, నిద్రలేమి, రాత్రి పదునొకండు గంటల వరకు చేత వెలుగు ఫోను, ఇవి చదువునకు శత్రువులు. ఒక గంట ఆడి వచ్చిన బిడ్డ ఆ ఫోను చేతబట్టకమునుపే నిద్రకు ఒరుగును.

చేయదగిన పనులు

విన్నదానిలో గుర్తుంచుకొనుటకు వీలుగా నాలుగు పనులు చెప్పెదను.

మొదటిది: గ్రామసభలో ఒక ఏడు, ఏడున్నర గంటల సినిమా ప్రసంగములు వద్దు, ఒక్క అంశముగా పిల్లల తిండిని, ఆటను చేర్చి, అంగన్‌వాడీ కార్యకర్తను, ఆశా కార్యకర్తను, ప్రధానోపాధ్యాయుని పిలిచి, వారు చెప్పునది ఊరివారి ఎదుట వినుడు.

రెండవది: ఆటస్థలపు హద్దులు తేల్చి వ్రాతలోనికి తెండు.

మూడవది: ఆ మైదానములో వారమునకు కొన్ని దినములు సాయంత్రము ఒక గంట బాలికలకే ప్రత్యేకింపుడు. మహిళా సంఘమునుండి ఇద్దరు పెద్దలు ఆ వేళ అచట కూర్చుండవలెను. మహిళా వార్డు సభ్యులు ముందు తమ ఇంటి ఆడపిల్లలను తీసికొని రావలెను. పెద్దల ఇంటి పిల్ల వచ్చిన నాడు తక్కిన ఇండ్ల తలుపులు తెరచుకొనును.

నాలుగవది: బడి వాకిటి అంగడివానితో, వంట చేయువారితో నెలకొకమారు మాటలాడుడు. నిందింపక, అడిగి తెలిసికొని, కావలసిన సాయము చేయుడు.

ఇందులో ఏ పనికిని పై అధికారుల ఉత్తరువు కొరకు ఎదురుచూడనక్కరలేదు. తిండి ఒక్కటే పెట్టి ఆట మరచిన అది క్రొవ్వగును. ఆట ఒక్కటే పెట్టి తిండి మరచిన అది నీరసమగును. కాడికి ఇరుప్రక్కల రెండెడ్లును కలిసి నడచిననే నాగలి సాగును.

మీరు ఇంటికి పోయిన పిమ్మట, వచ్చు గ్రామసభకు ముందు ఒక దినము సాయంత్రము నాలుగున్నర గంటలకు మీ ఊరి మైదానమునకు పోవుడు. ఒక కాగితము, ఒక కలము వెంట నుండనిండు. ఎందరు బాలురు ఆడుచున్నారు, ఎందరు బాలికలు ఆడుచున్నారు, ఎవరి చేతిలో ఏ తినుబండారము ఉన్నది, మైదానములో ఎంత భాగము ఖాళీగా నున్నది అని వ్రాసికొనుడు. ఆ కాగితమును గ్రామసభలో చదువుడు. బాలికల వరుసలో సున్న ఉన్నచో ఆ సున్నను గట్టిగా చదువుడు. తరువాతి పని ఏమి చేయవలెనో ఆ సభయే మీకు చెప్పును.